చిలుక చేసిన వైద్యం

మా మేనమామ పళ్ళ డాక్టరు కాదు. పళ్ళ డాక్టరుగారి ఆసుపత్రి వెనకగదిలో కూర్చుని ప్లాస్టర్ కలిపి, పిల్లల పళ్ళకు అచ్చులు పోస్తాడు. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. ఆయనకు మనుషుల ముఖాలు గుర్తుండవు, దవడలు గుర్తుంటాయి. ఒకసారి బస్సులో పక్కనే కూర్చున్న నన్ను "ఎవరి తాలూకు బాబూ?" అని అడిగాడు. నేను ఆవులించగానే "ఓరి, నువ్వట్రా!" అని కౌగిలించుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

ఆయన కూతురికి పదేళ్ళు. కింది దవడ బాగా వెనక్కి ఉండేది. మధ్యాహ్నం కునుకు తీస్తే చాలు, గురక వీధి చివరిదాకా వినిపించేది. పక్కింటివాళ్ళు ఓ రోజు మోటారు బాగుచేయమని మెకానిక్కును పంపారు. మేమంతా పడీ పడీ నవ్వాం. మామయ్య నవ్వలేదు. గురక మధ్యలో పిల్లకు ఊపిరి ఆగిపోవడం, ఉలిక్కిపడి మళ్ళీ అందుకోవడం ఆయన కళ్ళారా చూశాడు.

అందుకే పరికరం తానే చేశాడు. పైపళ్ళకొకటి, కిందిపళ్ళకొకటి ప్లాస్టిక్ పలకలు, వాటి మీద వాలుగా దిమ్మలు. నోరు మూస్తే కింది దవడ ముందుకు జరగక తప్పదు. ఎదిగే వయసులో దవడ అలా ముందుకొస్తే నాలుక వెనకున్న గాలిదారి కూడా వెడల్పవుతుందని డాక్టరు ఆశ. ఏడాదిపాటు అది పెట్టుకుని పిల్ల మాట్లాడితే మాకు సగమే అర్థమయ్యేది. ఆ సగమూ తిట్లే.

ఏడాదికి మళ్ళీ ఎక్స్‌రే తీశారు. గాలిదారి ఒకటిన్నర రెట్లు!

"ఇంక గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళక్కర్లేదు," అన్నాడు మా డాక్టరు. అత్తయ్య ఆనందంతో ఏడ్చేసింది.

"పిల్ల నిన్న కూడా గురక పెట్టిందండీ," అన్నాడు మామయ్య.

"అలవాటు కొద్దీ పెట్టి ఉంటుంది."

మామయ్య పాత ఫిల్మూ కొత్త ఫిల్మూ కిటికీకి ఆనించి చూశాడు. కొత్తదాంట్లో గడ్డం పైకి లేచి ఉంది. వెంటనే ఎక్స్‌రే గదిలోకి వెళ్ళాడు. కొత్తగా చేరిన అమ్మాయి, పిల్లలు కదలకుండా ఉంటారని ఎదురుగోడ మీద బాగా ఎత్తున చిలుక బొమ్మ అంటించింది. ఆర్నెల్లుగా వచ్చిన ప్రతి పిల్లా తలెత్తి చిలుకను చూస్తోంది, ప్రతి గాలిదారీ పెరుగుతోంది.

తలెత్తితే చాలు, ఫిల్ములో గాలిదారి వెడల్పుగా కనిపిస్తుందంటే డాక్టరు నమ్మలేదు. మామయ్య తానే వెళ్ళి నిలబడి, తల సమంగా పెట్టి ఒకటి, చిలుకను చూస్తూ ఒకటి తీయించుకున్నాడు.

"చూడండి, యాభై రెండేళ్ళకు నాకూ పెరిగింది! పరికరం లేదు, పాడూ లేదు. నేనింకా ఎదుగుతున్నట్టున్నాను!"

డాక్టరు చాలాసేపు చిలుక వైపే చూశాడు. ఆ కాసేపూ ఆయన గాలిదారి కూడా వెడల్పయే ఉంటుంది.

బొమ్మ కిందికి దించి, పిల్లకు మళ్ళీ తీశారు. పెరిగింది కొంచెమే. "ఆ కొంచెం పరికరం వల్లో, వయసు వల్లో చెప్పలేను," అన్నాడు డాక్టరు. మామయ్యకు ఏడుపొచ్చింది. తన చేత్తో చేసినవాటన్నిటిలోకీ అందమైన పరికరం అది. అయినా ఆ సాయంత్రమే పిల్లను గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ముక్కు వెనక పెరిగిన కండ తీసేశారు.

ఇప్పుడు పిల్ల మధ్యాహ్నాలు చప్పుడు లేకుండా నిద్రపోతుంది. మామయ్యకు మాత్రం మనసు నిలవదు. పది నిమిషాలకోసారి వెళ్ళి ముక్కు కింద వేలు పెట్టి చూస్తాడు.

"ఊపిరి ఆడుతోంది నాన్నా, వెళ్ళు," అంటుందది కళ్ళు తెరవకుండానే.

"ఇంకొక్క ఊపిరి చూసి వెళ్తానమ్మా," అంటాడాయన.