శుక్రవారం ఉత్తరం

ఒక నవలా రచయిత ప్రతి శుక్రవారం పొద్దున్నే కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, చొక్కా అంచుతో కళ్లద్దాలు తుడుచుకుని, పాఠకులందరికీ ఈమెయిల్లో ఒక ఉత్తరం రాస్తాడు. ఎందుకింత శ్రమ అని అడిగితే, "నవలకీ నవలకీ మధ్య జనం మనల్ని మర్చిపోతారండీ" అంటాడు. అది మొదటి ఏడాది మాట. ఇప్పుడు ఏడో ఏడు నడుస్తోంది. వీధిలో కుక్క తుమ్మినా, పక్కింటావిడ మొగుడి మీద అలిగినా, నవలలోకి వెళ్లాల్సిందంతా ఉత్తరంలోకే పోతోంది. నవల ఫైలు తెరిచీ తెరవగానే మూసేస్తాడు. ఉత్తరం పంపిస్తే మాత్రం ఆ వారానికి తానింకా రచయితే. మానేద్దామని అనుకోని వారం లేదు, మానేసిన వారమూ లేదు.

పోయిన శుక్రవారం జ్వరంతో మంచం దిగలేకపోయాడు. "రాసిపెట్టే ఉంచాను, కాస్త నువ్వు పంపించు" అని భార్యకి పురమాయించాడు. ఆవిడ పంపింది. సాయంత్రం కంప్యూటర్ చూసి నాలిక్కరుచుకుంది. "ఏమండీ, కొంప మునిగింది. నేను పంపింది మూడేళ్ల కిందటిది!"

ఆయన దుప్పటి కప్పుకునే వచ్చి జవాబులు తెరిచాడు. నలభై దాకా ఉన్నాయి. అది పాతదని ఒక్కరూ కనిపెట్టలేదు. అందరూ నవల కోసం ఎదురుచూస్తున్నామనే రాశారు.

"బతికిపోయాం" అంది ఆవిడ.

ఆయన ఆ పాత ఉత్తరం మొదటి వాక్యం చదివాడు: "మిత్రులారా, నవల చివరి అధ్యాయంలో ఉన్నాను." తర్వాత, ఆ రోజు పంపాల్సిన ఉత్తరం తెరిచాడు. అందులోనూ మొదటి వాక్యం అదే. భుజం మీంచి చదువుతున్న ఆవిడ గబుక్కున, "కాఫీ పెడతాను" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.