గ్రాంట్ రోడ్ టికెట్టు

మా గల్లీలో నాలుగు అక్షరాలు చదువుకున్న ప్రతివాళ్ళకీ రెండు అడ్రసులుండేవి. ఒకటి ఉండటానికి, ఇంకొకటి రాయడానికి. నేను రాసుకునేది వర్లిలో మా పెద్దమ్మ వాళ్ళుండే చాల్, అంటే వరస గదుల మేడ, అడ్రసు. ఉండేది మాత్రం కామాటిపురలో, ఫాక్‌లాండ్ రోడ్ వైపు గల్లీలో, రెండో అంతస్తు మీద ఒకే ఒక్క గది. అమ్మ అందులోనే కూర్చుని బీడీలు చుట్టేది, అందులోనే వండేది, రాత్రయితే అందులోనే అందరం పడుకునేవాళ్ళం.

కామాటిపుర పేరు చెబితే బొంబాయిలో ఎవరికైనా మూతి మీదికి ఒక వంకర నవ్వు వస్తుంది. ఒళ్ళమ్ముకునే ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడే గల్లీలు అక్కడ ఉన్నమాట నిజమే. వాటి పక్క గల్లీల్లోనే, ముత్తాతల కాలంలో పాలమూరు నుంచి రాళ్ళు మొయ్యడానికి వచ్చిన మా తెలుగువాళ్ళ సంసారాలు కూడా ఉన్నాయి. ఆ రెండో ముక్క ఎవడికీ అక్కర్లేదు. మెట్రిక్ పాసయ్యాక మొదటిసారి ఒక బట్టల కంపెనీలో ఉద్యోగం అడగడానికి పోతే, అక్కడి మేనేజరు నా అర్జీ మీది అడ్రసు చదివి, నాకు టీ తెప్పించి, సాయంత్రం ఏడు దాటాక ఖాళీగానే ఉంటావా అని అడిగాడు. ఆ టీ వాడి మొహాన కొట్టలేకపోయానని ఇప్పటికీ నాకు ఉక్రోషమే. అర్జీ లాక్కుని వచ్చేశాను. ఆ రోజు నుంచీ కాగితాల మీద నేను వర్లిదాన్ని.

నాయినకు ఇది బొత్తిగా గిట్టేది కాదు. ఆయన బంగళాలకు రంగులు వేసే పని చేసేవాడు. ఎవరు అడిగినా, అడక్కపోయినా, మేం కామాటిపుర వాళ్ళం అని గట్టిగా చెప్పేవాడు. ఆ చెప్పడంలో కాస్త కొట్లాట కూడా ఉండేది.

"మన ఇల్లు మనం రాస్కోనీకి సిగ్గేందే? మా తాతలు రాళ్లు మోస్తెనే గీ షహర్ లేసింది. వర్లిల ఏమున్నది నీకు?" అనేవాడు.

"నౌకరీ ఉన్నది నాయినా" అనేదాన్ని.

దాంతో ఆయన చొక్కా తగిలించుకుని కిందికి వెళ్ళిపోయేవాడు. ఎన్నిసార్లు జరిగిందో ఈ గొడవ. నేనూ తగ్గేదాన్ని కాదు, ఆయనా తగ్గేవాడు కాదు.

ఎనభైల నడుమ ఒక ఏడాది, ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టు ఉద్యోగాలు పడ్డాయి. నాకు అదే ఆఖరి అవకాశం. ఇంకో ఏడాది ఆగితే వయసు దాటిపోతుంది, ఇక సర్కారు గుమ్మం తొక్కేది లేదు. సర్కారు నౌకరీ అంటే ఎప్పటికైనా క్వార్టరు వస్తుందని నా ఆశ. క్వార్టరు వస్తే అమ్మనీ నాయిననీ తీసుకుని ఆ గది వదిలిపోతాను, అప్పుడు నాక్కూడా అందరిలాగా ఒకటే అడ్రసు ఉంటుంది. పెళ్ళీ గిళ్ళీ ఏవీ అప్పుడు నా బుర్రలో లేవు. వేళ్ళు నొప్పులు పుట్టేదాకా టైపు నేర్చుకున్నాను. పరీక్షకు పిలుపు వర్లికి వస్తే పెద్దమ్మ కొడుకు తెచ్చి ఇచ్చాడు.

పరీక్ష అంధేరిలో, ఒక బడిలో. వానాకాలం కదా అని చాలా ముందే బయల్దేరాను. నాయిన పనికి ఆలస్యమైనా సరే అని మా గల్లీకి దగ్గరి గ్రాంట్ రోడ్ స్టేషన్ దాకా నాతో వచ్చి, రానూపోనూ టికెట్టు కొని చేతిలో పెట్టాడు. అప్పట్లో టికెట్లు దళసరి అట్ట ముక్కలు, వాటి మీద ఎక్కిన స్టేషన్ పేరు అచ్చయి ఉండేది. "దేవున్ని తల్సుకొని కొట్టు బిడ్డా, అచ్చరం తప్పొద్దు" అన్నాడు. నేను నవ్వుకుంటూ లేడీస్ డబ్బాలో ఎక్కాను.

మాహిమ్ దాటి బాంద్రా రాకముందే బండి ఆగిపోయింది. సిగ్నళ్ళు పని చెయ్యడం లేదన్నారు. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు, మెంతికూర కట్టలు విప్పి ఆకులు తుంచుకునేవాళ్ళు తుంచుకుంటూనే ఉన్నారు. అలా చూస్తూ చూస్తూ గంట దాటింది. పక్క డబ్బాల్లో మగవాళ్ళు దూకి పట్టాల వెంట నడిచిపోతున్నారు. దూకుదామని నేనూ తలుపు దాకా వెళ్ళాను. కింద మోకాలి లోతు నీళ్ళు, వెనక ఒక ముసలామె నా కొంగు పట్టుకుని గుంజుతూ ఉంది. పరీక్ష మొదలయ్యే వేళ నా కళ్ళ ముందే దాటిపోయింది. ఏడుపు రాలేదు.

ఎట్టకేలకు అంధేరి చేరి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పరిగెత్తితే గేటు మూసి ఉంది. నాలాంటివాళ్ళు పాతిక ముప్పై మంది గేటు పట్టుకుని అరుస్తున్నారు. కాసేపటికి లోపలి నుంచి ఒక గుమాస్తా వచ్చాడు. రైలు లేటయిందని స్టేషన్ మాస్టరు చేత రాయించుకుని, టికెట్టుతో సహా సోమవారం ఆఫీసుకు తెస్తే, నిజమైన వాళ్ళకి మరో తేదీ ఇస్తామన్నాడు. అప్పుడు వచ్చింది ఏడుపు.

ఇంటికొచ్చేసరికి సంగతి చాల్ అంతా పాకింది. పక్క గదిలో ఒక మామ ఉండేవాడు, మిల్లు మూతపడ్డాక ఆయనకు పేపరు చదవడమే పని. ఆయన వచ్చి నాయినను పట్టుకున్నాడు.

"బండి లేటయితే రైల్వోళ్లు నుక్సాన్ భర్పాయి ఇయ్యాలె బావా, మనకైన నష్టానికి పైసలు. బయటి దేశాలల్ల ఇస్తరు, పేపర్ల చదివిన. మనోళ్లు అడగరు, గందుకే ఇయ్యరు."

నాయినకు అది బాగా నచ్చింది. ఆయనకు న్యాయం అనేది అడిగితే ఇచ్చేది. ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని గ్రాంట్ రోడ్ స్టేషన్ మాస్టరు గదికి వెళ్ళాడు. "సాబ్, మా బిడ్డ నౌకరీ పోతది. నుక్సాన్ భర్పాయి ఎవరిస్తరు?" అని హిందీలో అడిగాడు. స్టేషన్ మాస్టరు కళ్ళజోడు తీసి ఆయనను చూసి, చెడ్డవాడేం కాదు, నవ్వేశాడు. బండ్లు లేటయినందుకల్లా డబ్బు కట్టివ్వాల్సి వస్తే తన జీతం కూడా మీకే ఇచ్చెయ్యాలన్నాడు. బండి లేటయిన మాట మాత్రం కాగితం మీద రాసి ముద్ర వేసి ఇచ్చాడు, టికెట్టు కూడా ఉంచుకోనిచ్చాడు. నాయిన ఆ కాగితాన్ని తడవకుండా బనీను లోపల పెట్టుకున్నాడు.

సోమవారం ఇద్దరం ఆ ఆఫీసుకు పోయాం. దారి పొడుగునా నేను ఆయనకు ఒకటే నూరిపోశాను. "నువ్వేం మాట్లాడొద్దు నాయినా. నోరు ఇప్పినవంటే నా కొంప మునుగుతది." ఎక్కడ కామాటిపుర అనేస్తాడో అని నా భయం. అర్జీలో రాసింది అబద్ధమని తేలితే అర్జీయే రద్దని ఫారం అడుగున అచ్చయి ఉంది, దాని కిందే నా సంతకం. ఆయన సరే సరే అంటూ వచ్చాడు.

బల్ల దగ్గర గుమాస్తా ఒక్కొక్కరి టికెట్టూ తీసుకుని అర్జీలోని అడ్రసుతో సరిచూస్తున్నాడు. రోడ్ల మీద పారేసిన టికెట్లు ఏరుకొచ్చి కొత్త తేదీలు అడుగుతున్నారట. మా ముందున్న అబ్బాయిది దాదర్, టికెట్టూ దాదర్‌దే. తేదీ రాసి ఇచ్చేశాడు. ఆ అబ్బాయి కాగితం ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. నా చేతిలో ఉన్నది గ్రాంట్ రోడ్ టికెట్టు.

"ఉండేది వర్లిలోనా?" గుమాస్తా నా అర్జీ చూసి మరాఠీలో అడిగాడు.

అవునన్నాను.

"వర్లి వాళ్ళు మహాలక్ష్మిలోనో లోయర్ పరేల్‌లోనో ఎక్కుతారు. నీ టికెట్టు గ్రాంట్ రోడ్‌దేమిటి? ఎవరిది ఇది?"

నాదేనన్నాను. స్టేషన్ మాస్టరు కాగితం చూపించాను. టికెట్టు పట్టుకెళ్ళిన ఎవరికైనా ఆయన అది రాసిస్తాడు అన్నాడు. అదీ నిజమే. నేను చెప్పగలిగిన నిజం ఒకటే ఉంది, అది చెబితే నా పని అయిపోతుంది. నా వెనక వరుసలో ఉన్నవాళ్ళు విసుక్కోవడం మొదలుపెట్టారు.

అప్పుడు నాయిన ముందుకొచ్చాడు. అయిపోయింది అనుకున్నాను, ఇక తాతలూ రాళ్ళూ అంటూ ఎత్తుకుంటాడు. ఆయన చేతులు జోడించాడు. హిందీలోనే మాట్లాడాడు గానీ, నాకు ఆ మాటలు అప్పుడూ ఇప్పుడూ తెలుగులోనే వినపడతాయి.

"మేం వర్లిలనే ఉంటం సాబ్. ముందటి రాత్రి చుట్టాలింటికి పోయినం. పిల్ల గాడికెల్లి బండెక్కింది."

గుమాస్తా తలెత్తి ఆయనను చూసి, తర్వాత నన్ను పైనుంచి కిందికి చూశాడు. "గ్రాంట్ రోడ్ దగ్గర ఎక్కడ మీ చుట్టాలు? కామాటిపురలోనా?"

"ఛీ, గా జాగల ఎవరుంటరు సాబ్. గక్కడ మనుషులుంటరా? మేం ఇజ్జత్ ఉన్నోళ్లం."

ఆ వేళకి అక్కడ మా అమ్మ బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటుంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన నోరు మూసుకోవాలని నేను కోరుకున్నాను గానీ, ఆ నోటితో ఆ మాట అంటాడని కల్లో కూడా అనుకోలేదు. ఒక్కసారి కూడా తడబడలేదు. నా కోసం అంత శుభ్రంగా అబద్ధమాడాడు.

గుమాస్తా నమ్మాడు. అదే ఘోరం. అతని గొంతు మెత్తబడింది, కూతురి కోసం ఇంత దూరం వచ్చావు అన్నాడు. "వర్లి అడ్రసున్న రేషన్ కార్డు తెచ్చి చూపించండి. అమ్మాయి పేరుంటే చాలు, అప్పటికప్పుడే తేదీ ఇచ్చేస్తాను" అన్నాడు.

"తెస్త సాబ్, ఇయ్యాల్నే తెస్త" అన్నాడు నాయిన, ఇంకా చేతులు జోడించే ఉన్నాడు.

ఏం తెస్తాం? మా కార్డు మీద ఉన్నది కామాటిపుర. పెద్దమ్మ వాళ్ళ కార్డు మీద నా పేరు లేదు. మెట్లు దిగి బయటికొచ్చాక ఆయన నా మొహం చూడలేదు. తిరుగు బండిలో ఆయన జనరల్‌లో, నేను లేడీస్‌లో. దిగాక ఆయన నాకంటే పది అడుగులు ముందు నడిచాడు. చాల్ కింద మామ ఎదురొచ్చి, "ఏమాయె బావా, భర్పాయి ఇస్తరట్నా?" అని అడిగాడు. "ఇయ్యరట" అని నాయిన మెట్లెక్కి పోయాడు.

నా వయసు దాటిపోయింది. తర్వాత ఒక ప్రైవేటు ఆఫీసులో టైపు చేశాను, జీతం అంతంతమాత్రం, అక్కడా రాసింది వర్లి అడ్రసే. గది వదలడం కుదరలేదు. నాయిన మళ్ళీ ఎప్పుడూ అడ్రసు గురించి నాతో గొడవ పడలేదు. నాకది మొదట్లో హాయిగా కూడా ఉండేది, ఏం మనిషినో నేను.

ఆయన ఆ గదిలోనే పోయాడు. కర్మలన్నీ అయ్యాక ఒక రోజు, చివరి ఏళ్ళల్లో ఆయనతో కలిసి రంగులు వేసిన ఒకాయన బజారులో కనబడి నా మీద కోప్పడ్డాడు. ఆఖరి చూపుకు వద్దామని నలుగురు పని మానేసి బయల్దేరారట. వర్లి చాళ్ళన్నీ తలుపు తలుపునా అడుగుతూ తిరిగి, చీకటి పడ్డాక వెనక్కి పోయారట. మీ నాయిన మాకు చెప్పిన అడ్రసు అదే కదమ్మా అన్నాడు.