కన్ను తెరవని కాయ

మా వదిన పోయింది. ఆ కబురు నాకు చేరిన తీరు ముందు చెప్పాలి. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఢాబాలో టీ తాగుతున్నాను. లారీ తోలడం మానేసి చాలా ఏళ్లయినా, పొద్దున్నే నాలుగు లారీల మొహాలు చూడకపోతే నాకు రోజు మొదలైనట్టుండదు. అన్నయ్య ఫోన్ చేశాడు.

"మీ వదిన నిద్రపోయిందిరా."

"హమ్మయ్య, పట్టిందా నిద్ర? లేపకండి, వస్తున్నా" అన్నాను. నొప్పులతో ఆవిడకి కంటిమీద కునుకు లేక వారాలైంది మరి. అన్నయ్య అదే మాట మళ్లీ అన్నాడు. మా క్రైస్తవుల ఇళ్లల్లో చనిపోయారని అనరు, ప్రభువునందు నిద్రించారంటారు. పుట్టినప్పటినుంచీ వింటున్న మాటే. ఆ పూట మాత్రం అది నాకు అర్థమయ్యేసరికి చేతిలో టీ చల్లారిపోయింది.

ఆవిడ మా ఇంటికి కాపురానికి వచ్చేనాటికి నేను బడి ఎగ్గొట్టి తిరిగే పిల్లాణ్ణి. తలనిండా పేలు. పేల గురించి ఇక్కడో ముక్క చెప్పాలి, తప్పదు. ఆ రోజుల్లో సీతాఫలం గింజలు నూరి, నూనెలో కలిపి తలకి పట్టించేవాళ్లు. పేలు చచ్చేవి. కానీ ఆ ముద్ద కంట్లో పడితే కళ్లు పోతాయి. అందుకని వదిన నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, తన పాతచీర పేలికతో కళ్లకి గంతలు కట్టేది.

"నేను చెప్పేదాకా తెరిచావంటే చూడు."

"ఎంతసేపు వదినా?"

"తెరవమన్నప్పుడు తెరువు. అంత తొందరైతే ఎట్టా?"

నేను ఊరుకుంటానా? నిమిషానికోసారి అడిగేవాణ్ణి. ఆవిడ ఇంత సీతాఫలం గుజ్జు నా నోట్లో పెట్టేది. నోరు ఖాళీ లేకపోతే అడగను కదా. అంత తియ్యటి పండు మళ్లీ ఎక్కడా తినలేదు. కళ్లు మూసుకుని తిన్నందువల్లో, పెట్టిన చేతివల్లో చెప్పలేను.

మా ఊరు జగ్గయ్యపేటకీ నందిగామకీ నడుమ. ఊరి వెనక గుట్టనిండా సీతాఫలం చెట్లే, ఎవరూ నాటినవి కావు. ఎకరం, అరెకరం ఉన్నవాళ్ల గట్ల మీదా అవే. పూర్వం దసరా ముందు పేటనుంచి ఒక వ్యాపారి వ్యాను వేసుకుని వచ్చి కాయ ఎలా ఉన్నా బరువుకి ఇంత అని గుట్ట మొత్తానికీ ఒకే ధర చెప్పేవాడు. ఇక ఎవరు ముందెక్కితే వాళ్లది కాయ. కొమ్మలు విరిగేవి, పచ్చివీ పిందెలూ కూడా గంపలో పడేవి.

సీతాఫలం మీద బుడిపెల్లా ఉంటాయే, వాటిని మేం కళ్లంటాం. కాయ తయారయ్యాక ఆ బుడిపెల మధ్య గాడులు విచ్చుకుని తెల్లబడతాయి. అదే కన్ను తెరవడం. అప్పుడు కోస్తే ఇంట్లో చక్కగా ముగ్గుతుంది. అంతకుముందే కోస్తే ఇక పండదు, నల్లబడి రాయవుతుంది. అది గుడ్డికాయ. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. తెలియక కోసేవాళ్లు కాదు. నేనాగితే పక్కవాడు కోస్తాడని కోసేవాళ్లు.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి ముందు ఆడవాళ్లని ఆపి వదిన ఆ మాట ఎత్తింది. "ఈయేడు కన్ను తెరిచినదే కోద్దాం. అందరం ఒక్కరోజే గుట్టెక్కుదాం."

"మనం ఆగుతామక్కా, గుట్టకి అవతలి పల్లెవాళ్లు ఆగుతారా?" అంది ఒకావిడ.

"వాళ్లనీ పిలుద్దాం."

"పిలవగానే వస్తారా, మహారాణులు?"

"చేపల పులుసు పెడితే వాళ్ల అత్తగార్లు కూడా వస్తారు."

వచ్చారు. ఏటి ఒడ్డున ఉన్న చెవిటికల్లునుంచి చేపలు మోసుకొచ్చింది నేనే కాబట్టి నాకు బాగా గుర్తు. రెండు పల్లెలవాళ్లూ ఒకే బంతిలో తిని, ఒకే మాట అనుకున్నారు. అందులో ఆవిడ పెట్టిన షరతు ఇంకోటుంది: "కొమ్మ వంచితే అందేదే మనది. అందనిది పిట్టలది. విరిచామా, వచ్చేయేటి కాయ కూడా మనమే తినేసినట్టు."

ఆ యేడాదినుంచి పెద్దకాయలు గడ్డి పరిచిన గంపల్లో బెజవాడ పళ్లకొట్లకి వెళ్లాయి. చిన్నవి హైవే మీద బస్సుల దగ్గర అమ్మేవాళ్లు. పగిలినవాటి గుజ్జు పేటలో ఐస్‌క్రీం చేసేవాళ్లకి. గింజలు దంచి మిరపచేలకి పురుగుమందు. పారేయడానికి తొక్కే మిగిలేది, అదీ మేకలు ముట్టవు గనక. లారీలో గంపలెత్తేది నేను, ఎలా ఎత్తాలో నాకు నేర్పేది ఆవిడ.

వ్యాపారికి ఒళ్లు మండింది. "ఏవమ్మా, గుట్ట నీ పేరున రాశారా?" అని అడిగాడు.

"నా పేరున లేదండి. మీ పేరున ఉంటే కాయితం చూపించండి, మేమే కోసి పంపిస్తాం."

తర్వాత్తర్వాత ఆయనే వచ్చి గంపల లెక్కన కొనుక్కెళ్లాడు. గుడ్డికాయలు రాకపోయేసరికి ఆయనకీ నాలుగు డబ్బులు మిగిలాయి. ఆ సంగతి ఆయన చెప్పలేదు, ఆయన కొత్త వ్యాను చెప్పింది.

ఈయేడు వానలు ఆలస్యమై కాయ వెనకబడింది. వదిన మంచం పట్టింది. ఎవరు చూడ్డానికి వెళ్లినా ఒకటే అడిగేది, "కన్ను తెరిచిందా?" అని. లేదనేవాళ్లం. డాక్టరు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నాక నాకు ఒకటే దిగులు పట్టుకుంది. ఈ కాపులో ఒక్క పండన్నా తినకుండా వెళ్లిపోతుందేమోనని. ఒక మధ్యాహ్నం గుట్టంతా గాలించాను. అన్నీ కళ్లు మూసుకునే ఉన్నాయి. కాస్త తెలుపు తిరిగినట్టు అనిపించినదాన్ని ఒకదాన్ని కోసి, తువ్వాలు కింద దాచుకుని తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ కళ్లు తెరవకుండానే బొటనవేలితో తడిమింది.

"ఎవరు కోశారు?"

"కోతి కోసింది."

"కోతి ముగ్గినదే కోస్తుంది. ఇది మా మరిది పనే."

"బియ్యంలో పెడదాం వదినా, అదే తెరుస్తుందిలే."

"ఇన్నేళ్లు లారీ తోలావు, ఆగడం మాత్రం నేర్చుకోలేదురా" అని నవ్వబోయింది. నవ్వితే నొప్పి.

"నీకోసవే కదా."

"తెలుసులే. ఆ కిటికీలో పెట్టు. తెరిస్తే తింటా."

అది తెరవదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. పెట్టాను.

సమాధి కార్యక్రమానికి రెండు పల్లెలూ కదిలొచ్చాయి. వ్యాపారి కూడా పూలదండ తెచ్చి ఒక మూల నిలబడ్డాడు. ఇక అడిగే మనిషి లేదు, రేపే ఎవరో ఒకరు గుట్టెక్కుతారని నా మనసు పీకుతూనే ఉంది. ఎవరూ ఎక్కలేదు. అవతలి పల్లె ఆడవాళ్లు పొద్దున్నే కొన్ని చెట్లు చూసి, వట్టిచేతుల్తో దిగి వచ్చి, "ఇంకా లేదండి" అని అన్నయ్యకి చెప్పి వెళ్లేవాళ్లు, మంచం మీది మనిషికి చెప్పినట్టే. కొన్నాళ్లకి కాయ కన్ను తెరిచింది. అందరూ ఒకేరోజు ఎక్కారు.

మొదటి గంప, ఆవిడ ఉన్నప్పటిలాగే, ప్రథమ ఫలంగా చర్చికి వచ్చింది. అవి ముగ్గాక ఆరాధనలో అందరికీ పంచారు. నేనూ ఒకటి తీసుకుని, కళ్లు మూసుకుని తిన్నాను. తెరవమనేవాళ్లు లేక చాలాసేపు అలాగే కూర్చున్నాను.

కిటికీలో కాయ ఇంకా అక్కడే ఉంది. నల్లబడి రాయైంది. మొన్న పారేద్దామని చెయ్యి చాపితే అన్నయ్య, "ఉండనీరా" అన్నాడు. పుట్టిందీ పెరిగిందీ ఆ గుట్ట కిందే, ఆయనకి తెలియనిది కాదు. రోజూ పొద్దున్నే లేచి దాన్ని చేతిలోకి తీసుకుంటాడు. బొటనవేలితో మెల్లగా నొక్కి చూస్తాడు. ఖాళీ మంచం వైపు తిప్పి చూపించి, మళ్లీ అక్కడే పెడతాడు.