సెల్లార్ ఫోటోతో చేసిన బేరం

నా ఉద్యోగంలో ఆడిన బేరాలన్నింటిలోకీ ఘనమైనది ఇదే: వార్తకు ప్రాణమైన ఫోటోను, అది అచ్చుకాకముందే, వార్త ఎవరి మీదో ఆ అధికారికే చూపించాను.

అప్పటికి రిటైర్మెంటుకు రెండేళ్లుంది. ఒక దినపత్రికకు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ విలేకరిని. అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్ ఓనర్ సెల్లార్‌ను రీడింగ్ రూమ్ చేశాడు. అందులో అరవై మంది; దారి ఒక్కటే, దానికి షట్టర్. తనిఖీ కాగితంలో మాత్రం రెండు దారులున్నాయని అధికారి సంతకం. గ్రూప్స్‌కు చదువుతున్న స్వప్న తన సీట్లోంచే ఫోటో తీసి నాకు పంపింది. ఆమె పరీక్షకు ఇరవై రోజులుంది.

వ్యతిరేక వార్త రాసేముందు అధికారి వివరణ తీసుకోవడం మా పద్ధతి. దానికి ప్రశ్న అడిగితే చాలు. నేను బట్టల కొట్లో పెరిగినవాణ్ణి. బట్ట తాను విప్పి పరిస్తే గాని బేరం తెగదని నమ్మకం. ఫోన్ ఆయన ముందు పెట్టి, రెండో దారి తెరిపిస్తే మీ పేరు రాయనన్నాను.

ఆయన ఫోటోను పెద్దది చేసి చూశారు. "జర నాకు పంపుండ్రి, చూస్త."

పంపాను.

మర్నాడు మధ్యాహ్నం స్వప్న ఫోన్ చేసింది. గుసగుసగా మాట్లాడింది. "సార్, ఓనర్ చేతుల నేను తీసిన ఫోటో ఉంది. అది స్తంభం పక్క సీట్లకెల్లి తీసిందట, ఆ సీటు ఎవరిదని అడుగుతున్నడు. చెప్పేదాంక ఎవ్వరు పోవద్దని షట్టర్ దించిండు."

తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

ఆటోలో నా కళ్ల ముందు ఆ ఫోటోనే: గోడ నిండా వేలాడే వైర్లు, చివర ఇరుకు మెట్లు. 'ఒక్క నిప్పురవ్వ చాలు' అని అచ్చుకు సిద్ధంగా ఉన్న వార్తలో రాసింది నేనే.

"ఏంది సార్, గంత పరేషాన్ ఉన్నరు?" అన్నాడు ఆటో అతను. తొందరగా పోనివ్వమన్నాను.

నేను చేరేసరికి షట్టర్ సగం లేచి ఉంది. పుస్తకాల సంచితో స్వప్న దాని కింద నుంచి వంగి బయటికొచ్చింది.

"నేనే తీసిన అని చెప్పిన సార్. అందరు లోపలనే ఉన్నరు కద." సంచి భుజానికెత్తుకుని అంది: "మీకొక్కరికే పంపిన."

మర్నాడు అధికారి పేరుతో, ఆ కాగితంతో వార్త వచ్చింది. సాయంత్రానికి సెల్లార్ మూయించారు. ఆ వీధిలో మిగతా హాస్టళ్లను మళ్లీ తనిఖీ చేశారు, ఈసారి మెట్లు దిగి. అధికారులను కదిలించడానికి అచ్చయిన వార్త చాలింది. నా బేరం అక్కరలేకపోయింది. ఆ తర్వాత వివరణకు వెళ్లినప్పుడల్లా ప్రశ్న మాత్రమే తీసుకెళ్లాను.

ఇక బిల్లు. అరవై మందికి గండం తప్పింది. నాకు మొదటి పేజీలో పేరు వచ్చింది. స్వప్నకు హాస్టల్ గది పోయింది, దాంతో ఆ ఏటి పరీక్షా పోయింది.

నేను కట్టింది ఆటో కిరాయి.