ఏనుగు గడ్డి తాగిన బావి

నా చిన్నప్పుడు నేనొక ఆవును చంపబోయాను. అది పక్క చేను మామ ఆవు. పాపం, అది నాకు ఏ కీడూ చేయలేదు. ఈ మాట ఇప్పుడంటున్నాను గానీ ఆనాడు నా కడుపు మండిపోతూ ఉండింది.

మాది పాకాల దగ్గర పల్లె. మా అవ్వ మెట్టలో జొన్న, ఉలవ సాగు చేయించేది. జొన్న వాననీళ్లతోనే పెరిగి, పశువులకు ఏడాదికి సరిపడా చొప్ప ఇచ్చేది. ఉలవకైతే మంచు పడితే చాలు, పైగా పోతూ పోతూ నేలకు బలం ఇచ్చి పోయేది. గట్టుకు అవతల ఆ మామ పాల అమ్మకం కోసమని ఏనుగు గడ్డి పెట్టాడు. మనిషెత్తు పెరుగుతుంది, కోసిన కొద్దీ వస్తుంది, పాలూ బాగా పడతాయి, కాదనను. దాని దాహం తీర్చడం మాత్రం దేవుడి తరం కూడా కాదు. దానికోసం మా బావి పక్కనే బోరు వేయించాడు. మా నాయన వద్దని బతిమాలాడు. నా నేల, నా నీళ్లు, నీకేమని ఎదురడిగాడా మహానుభావుడు.

శివరాత్రి దాటేసరికి మా బావి ఎండింది. తాగే నీళ్లే ఎక్కడి నుంచో మోసుకొచ్చుకోవాల్సి రావడంతో నాయన మా ఎర్రావును సంతకు తోలేశాడు. దూడగా ఉన్నప్పటి నుంచి నా చేత్తో పెంచిన ఆవు. ఆ పూట నేను అన్నం ముట్టలేదు. ఆ మామ మీద కసి తీర్చుకోవాలని ఆ రోజే అనుకున్నాను.

ఆ వేసవిలో అకాల వాన ఒకటి పడి, మా చేలో కోసిన జొన్న మోళ్లు చిగిర్చాయి. వెంటనే ఎండలు ముదిరి ఆ పిలకలు వాడిపోయాయి. అట్లా వాడిన లేత జొన్న పశువుకు విషమని మా పల్లెలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఒక మధ్యాహ్నం పెద్దవాళ్లు కునుకు తీస్తుంటే నేను వెళ్లి ఆ మామ ఆవు పలుపు విప్పి, మా చేలోకి తోలాను.

నాలుగు నోళ్లు మేసిందో లేదో, ఎక్కడి నుంచి చూసిందో, అవ్వ కట్టె పట్టుకుని పరుగున వచ్చి దాన్ని బయటికి తోలింది. అప్పటికే ఆవు నురగ కక్కుతూ ముందుకాళ్ల మీద కూలింది. అవ్వ ఇంట్లో మిగిలిన ఒక్క బిందె నీళ్లూ తెచ్చి, బెల్లం కలిపి దాని గొంతులో పోసింది. మా తాగునీళ్లు శత్రువు ఆవుకు పోస్తోందని ఏడ్చాను. భయంతో కాదు, ఒళ్లుమంటతో.

అవ్వ నన్ను కొట్టలేదు. "అత్త మీద కోపం దుత్త మీద సూపిస్తావా? తడి లేక జొన్నకు విషం ఎక్కినాది. నీకూ అట్నే ఎక్కినాది మే," అంది.

ఆవు కాస్త తేరుకుని చెవులాడించే వేళకు ఆ మామ పరుగెత్తుకొచ్చాడు. అవ్వ ఏదీ దాచలేదు, తోలింది నా మనవరాలేనని చెప్పేసింది. ఆయన నా మీదికి చేయెత్తేలోపల మా బావి గట్టు మీదున్న చేద, తాడు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఆవుకు ఇంకా నీళ్లు పట్టాల అప్పా. తోడు."

ఆ వేళకు కరెంటు లేదు, ఆయన బోరు మూగదై ఉంది. మా బావి ఎండిందని ఆయనకు తెలియక కాదు, తెలిసీ ఎన్నడూ తొంగి చూసిన పాపాన పోలేదు. చేద దిగీ దిగీ రాతికి తగిలి ఠంగుమంది. ఇంకోసారి వెయ్యమంది అవ్వ. వేశాడు. మూడోసారీ వేయించింది. ఆ మోత నాకెంత తియ్యగా ఉండిందో చెప్పలేను. ఆవు ఆయన వైపే చూస్తోంది. ఆయన మాత్రం బావిలో నుంచి తల ఎత్తలేదు.

మర్నాటి నుంచి మా తొట్టికి బోరు నీళ్లు వదిలాడు. వానలు పడ్డాక సగం గడ్డి తవ్వించి జొన్న చల్లాడు. మా ఎర్రావు మాత్రం తిరిగి రాలేదు. ఆయన పోయి ఎన్నో ఏళ్లయింది, నేను ఇప్పటికీ క్షమించలేదు. అందుకు సిగ్గుపడను కూడా. ఎవరి మీదనైనా కసి రేగినప్పుడు మాత్రం, ఆ తాడు ఎవరి చేతిలో పెట్టాలో తేల్చుకునేదాకా ఏ మూగజీవి పలుపూ విప్పను.