నీళ్లల్ల ఉన్నోళ్లను పైకి తీసినాయన

మొన్న తెల్లారంగ మా పైపోర్షన్ కెప్టెన్ తాత పోయిండు. సాయంత్రానికల్లా నాచారం చౌరస్తాల ఫ్లెక్సీ లేచింది. తాత ఫొటో, కింద "శత్రువుకు సముద్రమే సమాధి" అన్న మాట. తాత జన్మల ఆ మాట అనలే. అది మన కాలనీ నవలా రచయిత తన హీరోతోని అనిపించిన డైలాగు. ఫ్లెక్సీ కట్టించింది కూడా ఆయనే.

తాత కోస్తా మనిషి. నేను ఉప్పల్ రింగురోడ్డు మీద తెలంగాణ కోసం ధర్నా చేసొస్తే, "ఏరా, నన్నెప్పుడు పంపించేస్తున్నావ్?" అని నవ్వేటోడు.

"నిన్ను పంపితే నీళ్ల ట్యాంకరొచ్చిన్నాడు లైనెవరు పెడతరు తాతా?" అంటుంటి.

నిజమే. ముందు బాలింతలున్న ఇల్లు, తర్వాత ముసలోళ్లు, అందరికన్న ఎనుక తన బిందె. అరబకెట్‌తోనే స్నానం. "చుట్టూ సముద్రమున్నా మగ్గుతో కొలిచి వాడినవాణ్ణిరా" అనేటోడు.

ఆ రచయిత ఒక ఎండాకాలమంతా మా డాబా ఎక్కి, తాత చాయ్ తాగి, ఆయన నేవీ ముచ్చట్లన్ని రాసుకున్నడు. వాటిల్ల తాతకు ప్రాణమైంది ఒక్కటే. యుద్ధంల శత్రువుల ఓడ కాలి మునుగుతుంటే, ఆగొద్దన్న ఆర్డరు పక్కన పెట్టి తాత తన ఓడ ఆపిండు. తేలుతున్నోళ్లను పైకి తీయించిండు. గందుకే ఆయనకు మళ్ల ప్రమోషన్ రాలే. "నీళ్లలో పడ్డాక వాడికి యూనిఫాం ఏముందిరా? చలికి వణుకుతాడంతే."

నవలల హీరో ఏం జేసిండు? నవ్వుకుంట ఆ తేలుతున్నోళ్ల మీదికెళ్లి ఓడ నడిపిండు. ఆ హీరో మా తాతేనని రచయిత ప్రతి మీటింగుల చెప్పుకున్నడు. కటింగ్ షాపుల పోరగాండ్లు "సార్, ఎంతమందిని తొక్కించిన్రు?" అని అడిగితే, తాత సగం గీసిన గడ్డంతోనే లేచొచ్చిండు.

ఇద్దరం రచయిత ఇంటికి పోయినం. "కథ కద సార్. ముంచితేనే జనం చదువుతరు," అన్నడు, బిస్కెట్ల ప్లేటు ముందటికి జరుపుకుంట. నేను దిగ్గున లేచిన. తాత నా చొక్కా పట్టి గుంజి బయటికి తెచ్చిండు. "నీ కోపం దాచుకో. వీడి గుమ్మంలో పారేసుకోకు."

దాచుకున్న. కానీ ఒక్కటి మింగుడు పడతలేదు. 'మన చరిత్రను వాళ్లు తారుమారు చేసిన్రు' అని సభలల్ల గొంతు చించుకునేది ఈ మనిషే. ఈయన కరపత్రాలు చదివే నేను ఉద్యమంలకొచ్చిన. అసుంటోడు ఒక ముసలాయన బతుకును గిట్ల తిరగరాస్తడా? పరాయోడు చేస్తే ఇంత మండకపోవు.

ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు చౌరస్తాకు రాండ్రి. రాళ్లు వద్దు, ఫ్లెక్సీ చింపుడు వద్దు. ఓడ ఆపిన ఆ రోజు ఏం జరిగిందో తాత భార్య, మేమంత అమ్మమ్మ అని పిలిచేటామె, తనే చెప్తనన్నది. ఇన్నేండ్లల్ల ఆమెను ఎవరూ అడగలే. మైకు వద్దన్నది. గొంతు సన్నగుంటది. బండ్లు బంద్ చేసి, జర దగ్గరికొచ్చి నిలబడుండ్రి.