బాపు పేరుకు పెద్ద అక్షరం

మర్యాద ఇచ్చుడు గూడ తప్పయితదని నాకెట్ల తెలుస్తది చెప్పుండ్రి! లాక్‌డౌన్ల ఒక్క క్యాపిటల్ లెటర్‌తోని మా ఇంట్ల ఎంత లొల్లయిందో వినుండ్రి. నవ్వొద్దు మరి.

అప్పుడు నాది ప్రోలాగ్ ల్యాబ్ ఎగ్జామ్, ఆన్‌లైన్ల. అంతకుముందే ఒకసారి ఫెయిలైన. గుజరాత్‌కు బతకొచ్చినోళ్లం, గోడాదరాల మాది ఒక్కటే రూమ్. బట్ట నేసే సాంచాలు బందయి బాపు గూడ ఇంట్లనే. "ఈసారి పోయిందంటే సదువు బంద్. కార్ఖానా తెరవంగనే నాతోని సాంచా మీదికి నడువ్" అని పొద్దుగాల్నే చెప్పిండు.

ప్రోలాగ్ అంటే ఏందంటే, అదో కంప్యూటర్ భాష. మనం చుట్టరికాలు రాసిపెడితే, అడిగినదానికి నిజమా అబద్ధమా చెప్తది. సార్ మా ఫ్యామిలీ ట్రీ రాయమన్నడు. రాసిన. శ్రీను అని నా పేరు స్మాల్ లెటర్‌తోని, రాజేశం అని బాపు పేరు క్యాపిటల్‌తోని. పెద్దమనిషి గదా, చిన్నక్షరం ఎట్ల పెడ్త!

రన్ చేస్తే ఒక వార్నింగ్ వచ్చింది. 'సింగిల్‌టన్ వేరియబుల్: రాజేశం' అట! నాకు పరేషాన్. సింగిల్ అంటే ఒక్కడే గదా! బాపుకు అన్నదమ్ములు లేరు, మా తాతకు ఒక్కడే కొడుకు. గీ సాఫ్ట్‌వేర్‌కు ఎట్ల తెల్సిందబ్బా! మస్తున్నదే అనుకొని ముందుకు పోయిన.

స్క్రీన్ షేర్ చేసి అడిగిన, శ్రీను తండ్రి రాజేశమేనా అని. ట్రూ!

సార్ గుజరాతీ ఆయన, నెమ్మదస్తుడు. కండ్లద్దాలు సర్దుకొని "రుకో భాయ్, అబ్ ఆలూ లిఖో" అన్నడు. శ్రీను తండ్రి ఆలూనా? ట్రూ. "పంఖా లిఖో." ట్రూ. "అబ్ మేరా నామ్ లిఖో." అదీ ట్రూ!

"మై భీ తేరా బాప్, ఆలూ భీ తేరా బాప్?"

బాపు మంచం మీదినుంచి దిగ్గున లేచిండు. "ఎవడ్రా వాడు, నా జాగలకొచ్చింది?"

"మైక్ ఆన్‌ల ఉన్నది బాపూ, జర మెల్లగ!"

సార్ నవ్వు ఆపుకొని చెప్పిండు. క్యాపిటల్‌తోని మొదలైతే ప్రోలాగ్‌కు అది మనిషి పేరు గాదట, ఖాళీ కుర్చీ అట. ఎవరొచ్చి కూసున్నా సరే అంటదట. "వార్నింగ్ పఢా నహీ?" అన్నడు. చదివిన సార్, చదివి మురిసిన అని ఎట్ల చెప్త! లాస్ట్ ఛాన్స్ ఇచ్చిండు.

"బాపూ, నీ పేరు చిన్నక్షరంతోని రాయాల్నట."

"ఏ అక్షరమన్న పెట్టుకో గని, ఫస్టు ఆ ఆలూను తీసెయ్!"

లొల్లికి అమ్మ గూడ రొట్టెల కర్ర పట్టుకొనొచ్చి ఎనక నిలబడ్డది. బాపు పేరు మార్చి మళ్ల అడిగిన, శ్రీను తండ్రి రాజేశమేనా?

ఫాల్స్.

"ఫాల్స్ అంటే ఏంది?" అన్నడు బాపు. నేను స్క్రీన్‌కు చెయ్యి అడ్డం పెట్టిన. బాపు మాట అర్థమయిందో ఏమో, సారే నింపాదిగ చెప్పిండు. "ఝూఠ్." అబద్ధమట!

బాపు అమ్మ దిక్కు చూసిండు. అమ్మ నా దిక్కు చూసింది. రొట్టెల కర్ర లేచింది.

ఏం లేదు, తొందర్ల అడిగేటప్పుడు స్పెల్లింగ్‌ల ఒక 'హెచ్' ఎగిరిపోయింది, గంతే! మళ్ల కొడితే ట్రూ వచ్చింది. సార్ పాస్ చేసిండు, సాంచా తప్పింది.

ఇంట్ల మాత్రం నాకింక మాఫీ దొరకలే. ఇప్పటికీ ఆలుగడ్డ కూర వండిన్నాడు అమ్మ ముందుగాల నాకే వడ్డిస్తది. బాపు పక్కనుంచి అంటడు, "మెల్లగ తినురా, మీ నాయినే గదా!"